మనుషులుంటే ఒక చట్టం, ఖాళీగా ఉంటే మరొకటి: స్కాట్లాండ్ టవర్ హౌస్‌ల రక్షణ వెనుక ఉన్న లెక్క

స్కాట్లాండ్ దక్షిణ సరిహద్దు ప్రాంతంలో, కెల్సో పట్టణానికి పడమటగా, ఒక రాతి గుట్ట మీద స్మెయిల్‌హోమ్ టవర్ నిలబడి ఉంది. పదిహేనో శతాబ్దంలో ప్రింగిల్ వంశీకులు కట్టించిన ఈ కట్టడం ఎత్తు సుమారు 20 మీటర్లు, గోడల మందం రెండు మీటర్లకు పైమాటే. ఇది చట్టరీత్యా రక్షిత కట్టడం కాబట్టి దీని గోడలోంచి ఒక రాయిని కదపాలన్నా, దాని చుట్టూ ఉన్న పచ్చికలో గుంత తవ్వాలన్నా, చివరికి ఊడిపోతున్న రాయిని తిరిగి అతికించాలన్నా ముందుగా రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. అదే స్కాట్లాండ్‌లో దాదాపు అదే వయసున్న ఇంకొక టవర్‌లో ఎవరో కాపురం ఉంటూ, స్థానిక కౌన్సిల్‌ను ఒప్పించి లోపల కొత్త వంటగది అమర్చుకోవచ్చు. రెండూ చారిత్రక కట్టడాలే, రెండింటికీ రక్షణ ఉంది, కానీ ఆ రెండు రక్షణలూ ఒకటి కావు. ఈ తేడా అధికారుల ఇష్టాయిష్టాల వల్ల వచ్చింది కాదు. ఒక పాత కట్టడంలో మనం కాపాడుతున్నది ఇంటినా, సాక్ష్యాన్నా అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చుకున్న రెండు జవాబుల వల్ల వచ్చింది. టవర్ హౌస్ ఒకే సమయంలో ఇల్లూ, సాక్ష్యమూ కావడమే చిక్కంతా.

ముందుగా టవర్ హౌస్ అంటే ఏమిటో చూడాలి. పద్నాలుగో శతాబ్దం నుంచి పదిహేడో శతాబ్దం తొలి దశాబ్దాల వరకు స్కాట్లాండ్‌లో భూస్వాములు, అంటే అక్కడి మాటలో లెయిర్డ్‌లు, గదులను పక్కపక్కన పరచకుండా ఒకదానిపై ఒకటి పేర్చి కట్టుకున్న రాతి నివాసాలివి. నేలమట్టంలో కమాను కప్పుతో సరుకుల కొట్టు, దానిపై భోజనాలూ పంచాయతీలూ జరిగే పెద్ద హాలు, ఆపైన లెయిర్డ్ సొంత గది, ఇంకా పైన పడక గదులు, అన్నిటికీ మీద పహారా తిరిగే నడవ ఉంటాయి. గోడ మందంలోనే చుట్టు మెట్లు, అలమరలు, మరుగుదొడ్లు ఒదిగి ఉంటాయి. వాకిలికి చెక్క తలుపు వెనుక యెట్ అనే ఇనుప కటకటాల తలుపు ఉండేది. దాని అడ్డ కడ్డీలూ నిలువు కడ్డీలూ ఒకదానిలోంచి ఒకటి దూరి వెళ్లేలా కమ్మరులు అల్లేవారు కాబట్టి దాన్ని విడదీయడం సులువు కాదు. మన తెలంగాణ గడీని ఎరిగినవారికి ఈ కట్టడం ఉద్దేశం వెంటనే అందుతుంది. దొర కుటుంబం తలదాచుకునే చోటు, శిస్తు జమయ్యే చోటు, తగవులు తీరే చోటు, ఊరంతటికీ అధికారం కనపడే చోటు అన్నీ ఒకటే.

ఇవి ప్రధానంగా యుద్ధానికి కట్టినవా, దర్పానికి కట్టినవా అన్నది చరిత్రకారుల మధ్య పాత వివాదం. పందొమ్మిదో శతాబ్దపు పరిశీలకులు గోడల మందాన్నీ తుపాకీ రంధ్రాలనూ చూసి వీటిని కోటలుగానే లెక్కగట్టారు. తర్వాతి తరం పరిశోధకులు ఈ టవర్లు ఫిరంగులతో వచ్చే సైన్యాన్ని ఎన్నటికీ ఆపలేవనీ, రాత్రివేళ పశువులను తోలుకుపోయే దొంగల గుంపును తెల్లవారే దాకా ఆపగలిగితే అంతే చాలనీ, మిగిలినదంతా హోదా ప్రదర్శనేననీ వాదించారు. రెండో వాదనే నాకు సత్యానికి దగ్గరగా కనిపిస్తుంది. అయితే సరిహద్దు ప్రాంతం వరకు మొదటి వాదననూ పూర్తిగా కొట్టిపారేయలేము. 1540లలో ఇంగ్లాండ్ వైపు నుంచి వచ్చిన దాడుల్లో స్మెయిల్‌హోమ్ ఒకటికి రెండుసార్లు దెబ్బతిన్నది, అప్పుడు పోయినవి ప్రధానంగా పశువులే. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్ ఇంగ్లాండ్ సింహాసనాన్ని కూడా ఎక్కిన తర్వాత సరిహద్దు క్రమంగా సద్దుమణిగింది. ఇలాంటి ఇళ్ల అవసరమూ దాంతోపాటే తగ్గిపోయింది.

టవర్ ఒక్కటే చూసి ఇంతే కట్టడం అనుకోవడం ఈ విషయంలో జరిగే అతి పెద్ద పొరపాటు. చాలా టవర్ల చుట్టూ బార్మ్‌కిన్ అనే రాతి ప్రహరీ ఉండేది. 1535లో ఐదవ జేమ్స్ కాలపు స్కాటిష్ పార్లమెంటు, సరిహద్దుల్లో 100 పౌండ్ల విలువగల భూమి ఉన్న ప్రతి భూస్వామీ 60 అడుగుల చతురస్రంగా, ఒక ఎల్ మందంతో, ఆరు ఎల్‌ల ఎత్తుతో రాయీ సున్నమూ వాడి బార్మ్‌కిన్ కట్టాలని శాసించింది (స్కాటిష్ ఎల్ అంటే సుమారు 94 సెంటీమీటర్లు). కల్లోల సమయంలో రైతులూ వారి సొత్తూ లోపలికి చేరడానికే ఆ ప్రహరీ. దాని లోపల టవర్ కట్టుకోవడాన్ని మాత్రం అదే చట్టం యజమాని ఇష్టానికి వదిలేసింది. అంటే ఆనాటి శాసనకర్తల దృష్టిలో తప్పనిసరి అయినది గోడ, టవర్ కాదు. నేడు చాలాచోట్ల ఆ గోడ ఆనవాలు కూడా మిగలక టవర్ ఒక్కటే ఒంటరిగా నిలిచింది కనుక మన కంటికి ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది.

ఈ సంగతిని రుజువు చేసింది పుస్తకాలు కాదు, తవ్వకాలు. గాలోవే ప్రాంతంలో డీ నది మధ్య లంకలో ఉన్న త్రీవ్ కోటను మూడవ డగ్లస్ ఎర్ల్, ‘ఉగ్ర’ ఆర్చిబాల్డ్‌గా పేరుబడ్డవాడు, 1369 తర్వాత కట్టించాడు. ఖాళీ లంకలో ఒక్కటే నిలిచిన ఆ దిగులు గొలిపే టవర్‌ను చూసినవారంతా అది మొదటి నుంచీ అలాగే ఉండేదనుకున్నారు. 1970లలో జరిగిన తవ్వకాల్లో టవర్ పక్కనే పెద్ద హాలు సహా ఇతర భవనాల పునాదులు బయటపడ్డాయి. పడవల రేవు దగ్గర తడి మట్టిలో చెక్క గిన్నెలూ తోలు వస్తువులూ చెడకుండా దొరికాయి. 1455లో రాజు రెండవ జేమ్స్ ముట్టడించినప్పటి త్రీవ్ ఒంటరి టవర్ కాదనీ, ఒక చిన్న ఊరి లాంటి ప్రభువు నివాసమనీ అప్పుడు తేలింది. స్మెయిల్‌హోమ్‌లోనూ కొద్ది ఏళ్ల తర్వాత బార్మ్‌కిన్ లోపల తవ్వితే విడిగా ఒక హాలు, వంటశాల ఉన్నట్టు కనబడింది. పదిహేడో శతాబ్దంలో ఆస్తి ప్రింగిల్‌ల నుంచి స్కాట్ వంశానికి చేతులు మారాక పాత హాలు ఉన్నచోట మరో ఇల్లు వెలిసినట్టు కూడా తెలిసింది. పైకి ఇవేవీ కనిపించవు. గడ్డి కింద ఒకటి రెండు అడుగుల లోతులో ఉన్నాయి. కాబట్టి రక్షణ రేఖను టవర్ గోడ దగ్గరే గీస్తే, కథలో సగం రేఖకు బయట పడిపోతుంది.

ఇప్పుడు చట్టంలోకి వద్దాం. బ్రిటన్‌లో పురాతన కట్టడాల మొదటి చట్టం 1882లో వచ్చింది. ఆ చట్టానికి చివర జతచేసిన జాబితానే ‘షెడ్యూల్’ అన్నారు. నేటికీ వాడుకలో ఉన్న షెడ్యూల్డ్ మాన్యుమెంట్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఆ తొలి జాబితా ఆదిమకాలపు రాతి వలయాలూ సమాధి దిబ్బల వంటి వాటితోనే నిండి ఉంది, మధ్యయుగపు కోటల జోలికి పోలేదు. యజమాని ఒప్పుకుంటేనే రక్షణ అన్నది అప్పటి సూత్రం. సొంత ఆస్తిపై ప్రభుత్వ పెత్తనమా అని పార్లమెంటులోని భూస్వాములు ఉలిక్కిపడిన కాలమది. 1900లో చట్టం పరిధి మధ్యయుగ కట్టడాలకు విస్తరించింది, కానీ కాపలాదారు తప్ప వేరెవరైనా నివాసం ఉంటున్న కట్టడాలను మినహాయించింది. ఈ ఒక్క మినహాయింపే వందేళ్లకు పైబడి టవర్ హౌస్‌ల భవితవ్యాన్ని నిర్ణయిస్తూ వచ్చింది.

1913లో వచ్చిన సమగ్ర చట్టం వెనుక భారతదేశంతో ఒక సంబంధం ఉంది. వైస్రాయ్‌గా ఉండగా 1904లో ఇక్కడ పురాతన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చిన లార్డ్ కర్జన్, స్వదేశానికి తిరిగి వెళ్లాక 1911లో ఇంగ్లాండ్‌లోని టాటర్షాల్ కోట టవర్‌ను కొని శిథిలం కాకుండా కాపాడాడు. ఆ కోటలోని నగిషీ పొయ్యిలను ఊడబెరికి అమ్మేస్తున్న తీరు చూసి రేగిన దుమారం 1913 చట్టానికి ఊతమైంది. వలస పాలకుడు పాలితుల దేశంలో ప్రవేశపెట్టిన కట్టుబాటు తన సొంత దేశంలో వేళ్లూనుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టిందన్నమాట. అయినా 1913 తర్వాత కూడా యజమాని పనులు మొదలుపెట్టే ముందు నోటీసు ఇస్తే సరిపోయేది. ముందస్తు అనుమతి లేకుండా ముట్టుకోవడమే నేరం అన్న స్థితి 1979 చట్టంతో గానీ రాలేదు. స్కాట్లాండ్‌లో ఇప్పటికీ అమల్లో ఉన్న మూలచట్టం అదే.

షెడ్యూల్ అయిన కట్టడం విషయంలో ఆ చట్టం చేసేదేమిటంటే, కూల్చడం, పాడుచేయడం, తొలగించడం, మార్చడం, కొత్తది చేర్చడం మాత్రమే కాకుండా మరమ్మతు చేయడాన్ని కూడా అనుమతి పరిధిలోకి తెస్తుంది. మంచి ఉద్దేశంతో చేసే మరమ్మతు సాక్ష్యాన్ని చెరిపేయగలదన్న ఎరుక ఇందులో ఉంది. అనుమతి ఇవ్వాల్సినది 2015 అక్టోబరు 1 నుంచి పూర్తి బాధ్యతలు చేపట్టిన హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ. నిరాకరిస్తే స్కాటిష్ మంత్రులకు అప్పీలు చేసుకోవచ్చు. అనుమతి లేకుండా ఆ నేలమీద మెటల్ డిటెక్టర్ తిప్పినా నేరమే. తాము పాడుచేస్తున్నది రక్షిత కట్టడమని తెలియదని చెప్పి తప్పించుకునే దారిని స్కాటిష్ పార్లమెంటు 2011 సవరణతో బాగా ఇరుకు చేసింది. అదే సమయంలో ఈ చట్టం చేయనివి కూడా గమనించాలి. యాజమాన్యం మారదు, సందర్శకులకు లోపలికి వెళ్లే హక్కు పుట్టదు, అన్నిటికన్నా ముఖ్యంగా కట్టడాన్ని మరమ్మతు చేసి నిలబెట్టవలసిన బాధ్యత యజమాని మీద పడదు. చేయకూడనివి అనేకం ఉన్నాయి, చేసి తీరవలసినది మాత్రం లేదు. పొలంలో టవర్ ఉన్న రైతు దాన్ని తాకకుండా, పట్టించుకోకుండా, కళ్లెదుటే కూలిపోనిచ్చినా షెడ్యూలింగ్ నియమాన్ని ఉల్లంఘించినట్టు కాదు.

రెండో దారి లిస్టింగ్, అంటే విలువైన భవనాలను వేరే ఒక జాబితాలో చేర్చడం. ఇది 1997 నాటి స్కాటిష్ ప్రణాళికా చట్టం కింద నడుస్తుంది. స్కాట్లాండ్‌లో షెడ్యూల్డ్ కట్టడాలు సుమారు 8,000 ఉంటే, లిస్టయిన భవనాలు సుమారు 47,000 ఉన్నాయి. వాటిని ఎ, బి, సి అని మూడు తరగతులు చేశారు. ఇక్కడ అనుమతి ఇచ్చేది మొదట స్థానిక ప్రణాళికా అధికారులు. భవనం వాడుకలో ఉండటం, కాలానుగుణంగా మారడం సహజమేనన్న ఆలోచన మీద ఈ పద్ధతి నిలబడింది. కాపురం ఉన్న టవర్ హౌస్‌ను షెడ్యూల్ చేయడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి వాటికి ఇదే గతి. కొన్ని టవర్లు చాలాకాలం రెండు జాబితాల్లోనూ ఉండిపోయాయి. అలాంటప్పుడు షెడ్యూలింగ్ నియమాలే పైచేయి, లిస్టింగ్ అనుమతి విడిగా అక్కర్లేదు. ఈ జంట గుర్తింపులను ఒక్కొక్కటిగా సమీక్షించి, ఏది ఏ జాబితాలో ఉండాలో తేల్చే పని హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ చేస్తూ వస్తోంది.

మూడోది గార్డియన్‌షిప్, అంటే భూమి యజమానిదిగానే ఉండి కట్టడం సంరక్షణ భారం ప్రభుత్వానికి దఖలు పడటం. స్మెయిల్‌హోమ్ ఈ తరహా సంరక్షణలోకి ఇరవయ్యో శతాబ్దం మధ్యలో వచ్చింది. దాని కన్నా చాలా ముందే ఆ టవర్‌ను ఆదుకున్నవాడు ఒక కవి. 1771లో పుట్టిన వాల్టర్ స్కాట్ పసితనంలోనే కాలు చచ్చుబడటంతో, గాలి మార్పు కోసం టవర్ పక్కనే ఉన్న శాండినో పొలంలో తాతగారింట పెరిగాడు. తర్వాత్తర్వాత టవర్ పాడుబడుతుంటే దాన్ని నిలబెట్టమని తన వంశపు పెద్ద, హార్డెన్ స్కాట్‌ను అడిగాడు. ప్రతిఫలంగా ఆ టవర్‌ను నేపథ్యం చేసి ఒక కథాగేయం రాసివ్వమని ఆయన షరతు పెట్టాడట, కవి రాసిచ్చాడు. చట్టం లేని రోజుల్లో పరిరక్షణ ఇలా బంధుత్వంతోనూ పద్యంతోనూ నడిచింది! నేడు ఈ తరహాలో ప్రభుత్వం తరఫున హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ చూసుకుంటున్న స్థలాలు 300కు పైగా ఉన్నాయి. షెడ్యూల్ అయిన 8,000 ముందు అది ఎంత చిన్న సంఖ్యో చూడండి.

సంరక్షణలోకి వచ్చాక ఏం చేయాలన్నదీ నిర్వివాదం కాదు. ఉన్నది ఉన్నట్టుగా నిలబెట్టాలి, ఊహించి కట్టకూడదు అన్నది 1913 తర్వాతి ప్రభుత్వ వాస్తుశిల్పుల సూత్రం. సూత్రం మంచిదే, కానీ దాన్ని అమలు చేయడానికి వాళ్లు ఎంచుకున్న సిమెంటు మంచిది కాలేదు. సున్నపు గచ్చు నీటిని పీల్చి తిరిగి ఆవిరిగా వదిలేస్తుంది. సిమెంటు గట్టిగా బిగుసుకుని తడిని గోడ లోపలే బంధిస్తుంది. బయటికి పోలేని ఆ తడి మెత్తని రాయిలోకి ఇంకి, చలికాలంలో గడ్డకట్టి ఉబ్బి, రాతి ముఖాన్ని పెచ్చులుగా ఊడదీస్తుంది. కాబట్టి ఇరవయ్యో శతాబ్దపు సిమెంటును జాగ్రత్తగా తొలిచి, దాని స్థానంలో మళ్లీ సున్నం నింపడం నేటి తాపీ మేస్త్రీల పనిలో పెద్ద భాగమైంది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నేడు మనకు రమణీయంగా కనిపించే బోడి రాతి గోడలు చాలాచోట్ల అసలు రూపం కాదు. వాన నుంచి కాపాడటానికి వాటిపై హార్లింగ్ అనే గరుకు సున్నపు పూత ఉండేది. అబర్డీన్‌షైర్‌లోని క్రెయిగీవార్ కోట గులాబీ రంగు పూతతో నేటికీ అలాగే మెరుస్తోంది. మిగిలిన టవర్లకు కూడా పూత వేద్దామా అంటే, శిథిలపు అందానికి అలవాటుపడిన జనం ఒప్పుకోవడం కష్టం.

ఈ రెండు దృక్పథాలు ఎక్కడ తలపడతాయో చూపడానికి కాజిల్ టియోరమ్‌ను మించిన ఉదాహరణ లేదు. పశ్చిమ తీరంలో లోక్ మొయిడార్ట్ అనే సముద్రపు పాయలోని ఆటుపోట్ల దీవి మీద, ఎత్తైన ప్రాకారం లోపల టవర్ ఉన్న ఈ కోటను 1715లో, పదవి కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం జరిగిన జాకొబైట్ తిరుగుబాటు సమయంలో, దాని యజమానులైన క్లాన్‌రానాల్డ్ వంశ నాయకుడే తగలబెట్టించాడు. అప్పటి నుంచి అది పైకప్పు లేని మొండి గోడలే. 1997లో దాన్ని కొన్న యజమాని మళ్లీ నివాసయోగ్యంగా మార్చుతానని దరఖాస్తు చేశాడు. స్థానికుల్లో చాలామంది సమర్థించారు. బహిరంగ విచారణ జరిగింది. చివరికి 2000ల తొలి ఏళ్లలో మంత్రులు అనుమతి నిరాకరించారు. పైకప్పు వేయడానికీ గదులు కట్టడానికీ చేసే మార్పుల్లో మిగిలి ఉన్న అసలు సాక్ష్యం చాలావరకు పోతుందనీ, కోట నిలవడానికి అంత జోక్యం అవసరం లేదనీ వారి వాదన సారాంశం. మరోవైపు, అదే తీరానికి దక్షిణంగా అప్పిన్ దగ్గర సముద్రపు రాతిదిబ్బ మీదున్న కాజిల్ స్టాకర్‌ను 1965 నుంచి పదేళ్లపాటు కష్టపడి ఒక మాజీ సైనికాధికారి బాగుచేసుకుని ఇల్లు చేసుకున్నాడు. 1979 చట్టం ఇంకా రాని రోజులవి. నేడు పర్యాటకులు ఆగి ఫొటోలు తీసుకునేది ఆ టవర్‌నే.

టియోరమ్ విషయంలో నిరాకరణ తప్పు అనడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే ఒకసారి గచ్చు గీకి, నేల తవ్వి, దూలాలు దించాక ఆ గోడల్లో ఏ శతాబ్దం ఎక్కడ మొదలైందో చెప్పే ఆధారాలు తిరిగి రావు. అయితే ఆ నిర్ణయానికి రెండో సగం ఉండవలసింది, అది లేదు. కట్టనివ్వనన్న ప్రభుత్వమే నిలబెట్టే ఖర్చు ఎవరిదో చెప్పకపోవడం వల్ల, రాళ్లు రాలే ప్రమాదంతో ఆ కోట లోపలికి ప్రవేశమే మూసుకుపోయింది. ఈ చిక్కును తెలివిగా దాటిన పద్ధతి బర్రా దీవిలో కనిపిస్తుంది. కిసిమల్ కోటను 1938 నుంచి దశాబ్దాలపాటు పునర్నిర్మించుకున్న మక్నీల్ వంశం, 2000లో దాన్ని 1,000 ఏళ్ల లీజుకు ప్రభుత్వ సంస్థకు అప్పగించింది. ఏటా చెల్లించవలసిన అద్దె ఒక పౌండు, ఒక సీసా విస్కీ.

కట్టడం చుట్టూ ఉన్న దృశ్యం సంగతి ఇంకొక చట్టానిది. షెడ్యూలింగ్ అనుమతి పటంలో గీసిన రేఖ లోపలి భౌతిక పనులకే వర్తిస్తుంది. మైలు దూరంలో గాలిమరలు వెలిస్తే టవర్‌కు జరిగే నష్టాన్ని ప్రణాళికా వ్యవస్థే తూచాలి. ఇక్కడ మన పద్ధతికీ వారి పద్ధతికీ తేడా ఆసక్తికరం. భారతదేశంలో 2010 సవరణ ప్రకారం గోల్కొండ వంటి కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత ఒకటే, కట్టడం ఏదైనా సరే. స్కాట్లాండ్‌లో అటువంటి నిర్ణీత దూరం లేదు. ఆ టవర్ దేన్ని చూస్తూ కట్టారు, అది ఎక్కడి నుంచి కనపడాలని ఉద్దేశించారు, ఆ చూపు తెగిపోతే దాని అర్థం ఎంత తగ్గుతుంది అని ఒక్కోదానికీ విడివిడిగా పరిశీలిస్తారు. 2023లో ఆమోదించిన జాతీయ ప్రణాళికా చట్రం కూడా షెడ్యూల్డ్ కట్టడాల పరిసరాల సమగ్రతకు గణనీయమైన హాని జరగకూడదనే అంటుంది, అసాధారణ పరిస్థితులకు మాత్రం చోటిస్తుంది. మన కొలబద్ద అమలుకు సులువు, కానీ ఇరుకు బస్తీలో సొంతింటిపై కొత్త అంతస్తు వేసుకోలేని మనిషికీ, కొండ మీది కోటకు అడ్డంగా 400 మీటర్ల దూరంలో లేచే భవంతికీ మధ్య అది తేడా చూడలేదు. వారి పద్ధతి తేడా చూస్తుంది, బదులుగా ప్రతి దరఖాస్తూ నిపుణుల వాదనగా మారుతుంది.

ఇటీవల ఈ లెక్కలన్నిటి మీదా వాతావరణం వచ్చి పడింది. వానలు పెరిగి గోడల తలలు నాని, ఎత్తున ఉన్న రాళ్లు వదులవుతున్నాయని గుర్తించి, హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ తన అధీనంలోని పదుల స్థలాల్లో సందర్శకులను పూర్తిగానో పాక్షికంగానో ఆపి, రాయి రాయినీ చేత్తో తట్టి చూసే పరీక్షలు చేపట్టింది. గోడ తలలపై గట్టి మూతకు బదులు మట్టీ గడ్డీ పరిచి నీటిని నెమ్మదిగా పీల్చుకోనిచ్చే పద్ధతి కూడా వాడుతున్నారు. అది కూడా షెడ్యూల్డ్ కట్టడానికి ‘చేర్పు’ కిందకే వస్తుంది కాబట్టి, ఒక పొలంలోని టవర్ యజమాని తన ఖర్చుతో గోడ మీద గడ్డి చెక్కలు పరచుకోవాలన్నా ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి.